ఇరవై ఐదో కార్డు

మా మనవరాలు నరసరావుపేటలో ఇంజనీరింగు చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చి, లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో డ్రాయింగు సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటోంది. తెర వెనక ఎవరో కనపడని మనిషి ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అని చెబుతున్నాడు. ఆయన నొక్కమన్న చోటల్లా ఇది నొక్కుతోంది. అర్థం కాకపోతే ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ వింటోంది. అరగంటలో వంతెన బొమ్మ తయారైంది. అలాంటి బొమ్మకు రెండు రోజులు డ్రాయింగు బల్ల మీద వంగి నడుం పట్టించుకున్నవాణ్ణి, నోరు తెరుచుకుని చూశాను.

"మరి కాలేజీలో ఏం చెబుతారే?" అని అడిగాను.

"ఇదే చెబుతారు తాతయ్యా. కాకపోతే సారును వెనక్కి తిప్పి మళ్ళీ వినడానికి కుదరదు" అంది.

నాకు నవ్వొచ్చింది. క్లాసు గొప్పదా, ఇలా ఒక్కో మెట్టూ చూపించే పాఠం గొప్పదా అన్న తగాదా మీ కాలంలోనే పుట్టిందని మీ పిల్లలంతా అనుకుంటున్నారు. కాదు నాయనలారా! అరవైల మొదట్లో మాచర్లలో, కంప్యూటరు మాట దేవుడెరుగు, కరెంటు తీగ కూడా లేని ఓ రేకుల షెడ్డులో ఈ పంచాయితీ జరిగింది. అందులో నేనొక కక్షిదారుణ్ణి. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్న చోట కాలు నిలవదు.

అప్పట్లో కృష్ణ మీద పెద్ద ఆనకట్ట లేస్తోంది. పల్నాడంతా కాలవలు తవ్వాలి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు గాని, నీళ్లు వచ్చేలోపే ఆ పల్లమేదో మనకు తెలియాలి కదా. దానికి లెవెల్ అనే పరికరం ఉంటుంది. మూడు కాళ్ల స్టాండు మీద ఒక దుర్భిణి, దానికి అంటుకుని ఓ గాజు గొట్టం, గొట్టంలో ఓ బుడగ. బుడగ సరిగ్గా నడిమికొస్తే దుర్భిణి బల్లపరుపుగా చూస్తున్నట్టు లెక్క. అంకెలు వేసిన పొడుగాటి కర్రను ఎత్తు తెలిసిన రాయి మీద నిలబెట్టించి ఒకసారి చదవాలి. అదే కర్రను ముందున్న రాయి మీదికి పంపి మళ్ళీ చదవాలి. రెండు రీడింగుల తేడాయే ఎత్తుపల్లం. ఇలా రాయి తర్వాత రాయి పట్టుకుని మైళ్ల తరబడి పోవాలి. విద్య ఇంతే, కాని మైలుకు కొన్ని అంగుళాల వాలుతో పారాల్సిన కాలవకు, చదివేవాడు పావు అడుగు తప్పాడంటే చివరి ఊరికి నీళ్లు అందవు.

ఈ పని చేసే మనుషులు చాలక, ఎస్సెల్సీ ప్యాసైన నలభై మందిని పోగుచేసి మాచర్లలో ఆరు నెలల క్లాసు పెట్టారు. రైలు స్టేషన్‌కు కూతవేటు దూరంలో రేకుల షెడ్డు. చెప్పడానికి నన్ను వేశారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మా నాయన గురజాల దగ్గర మిషను బడిలో పంతులు. చెప్పడం మా ఇంట్లో పుట్టిన పని. అంతకుముందు రెండేళ్లు గుంటూరు డ్రాయింగు ఆఫీసులో ఇంకొకరు గీసిన గీతల మీద కాగితం పెట్టి మళ్ళీ గీస్తూ కూర్చున్నాను. అక్కడి నుంచి వచ్చి సుద్దముక్క పట్టుకునేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు రంగుల సుద్దలతో బోర్డు నింపేవాణ్ణి. పొద్దున్నించి సాయంత్రం దాకా నోట్సు చెప్పేవాణ్ణి. నా బొమ్మలు చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. కాకిపిల్ల కాకికి ముద్దు.

అలా నెల గడిచాక మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అందరి నోటా ఇ.ఇ. గారు, ఓ రోజు జీపు దిగి, చంకలో ఓ చెక్కపెట్టెతో షెడ్డులోకి వచ్చారు. మనిషి పొట్టి, మాట గట్టి. పెట్టె తెరిస్తే అందులో ఇరవై నాలుగు అట్ట కార్డులు. ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ, బొమ్మ కింద ఒకటే వాక్యం. ఒకటో కార్డు: స్టాండు కాళ్లు ఇంత వెడల్పున చాచండి. రెండోది: కాళ్లను నేలలోకి తొక్కండి. ఇలా ఇరవై నాలుగు దాకా. వెనక వైపు తిప్పితే, చేసింది సరిగా ఉందో లేదో చూసుకునే బొమ్మ. విదేశం వెళ్లొచ్చిన స్నేహితుడెవరో ఇచ్చాడట. ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్ చేత తెలుగు చేయించి, అయిదు కట్టలు రాయించారు.

"ఏమయ్యా, దీనికి పంతులు అక్కర్లేదట. ఆరు నెలల పని ఆరు వారాల్లో అయిపోతుందట. నాకు కాలవ మీద మనుషులు కావాలి, క్లాసులో కాదు. చూద్దామా?" అన్నారు.

నలభై మందినీ చీట్లు వేసి రెండు జట్లు చేశారు. ఇరవై మంది నా దగ్గర, ఇరవై మంది కార్డుల దగ్గర. ఆరు వారాల తర్వాత రెండు జట్లకూ పందెం. స్టేషను పక్కనున్న గుర్తురాయి దగ్గర మొదలుపెట్టి, వాగు అవతల బండ దాకా లెవెల్ తీసుకుంటూ పోయి, మళ్ళీ అదే రాయికి తిరిగి రావాలి. రాయి ఎత్తు మారదు గనక, వెళ్ళొచ్చిన లెక్క మొదటి ఎత్తుకే రావాలి. ఎవరి లెక్కలో తేడా తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు.

"కార్డులు గెలిస్తే?" అని అడిగాను.

"క్లాసు మూసేస్తాం. నువ్వు గుంటూరు వెళ్లి హాయిగా గీతలు గీసుకో" అన్నారు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

ఆ సాయంత్రమే రంగు సుద్దలు ఇంకో డబ్బా తెప్పించాను.

కార్డుల జట్టుకు కాపలాగా పరికరాలు బాగుచేసే మెకానిక్‌ను పెట్టారు. మాచర్లవాడే, యాభై దాటిన ముస్లిం పెద్దాయన. ఊరంతా సాయిబు మామ అనేవాళ్లం. లెవెల్‌ను విప్పి గుడ్డ మీద పరిచి, మళ్ళీ బిగించి ఒక్క మర కూడా మిగల్చని చెయ్యి ఆయనది. ఆయనకు ఇ.ఇ. గారి ఆర్డరు: కార్డులివ్వాలి, తీసుకోవాలి, నోరు మాత్రం తెరవకూడదు. తెరిస్తే కార్డు నేర్పిందో మనిషి నేర్పాడో తేలదు కదా.

"నా నసీబు చూడండి సారూ. ఇంట్లో మా బీబీ నోరు తెరవనీదు, ఈడ ఇ.ఇ. గారు తెరవనీడు" అని నవ్వేవాడు.

ఇప్పుడు దాచేపల్లి మనిషి గురించి చెప్పాలి. సున్నపురాయి క్వారీలో పనిచేసే కుటుంబంలోంచి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. నా క్లాసులో ఆఖరి బెంచీ. ఏదడిగినా తల వంచుకునేవాడు. వీడి బుర్రలోకి ఎక్కదు అని నేను ఏనాడో తీర్మానించేశాను. చీట్లలో వాడు కార్డుల జట్టుకు పడ్డప్పుడు, అబద్ధమెందుకు, సంతోషించాను.

మూడు వారాల తర్వాత ఓ సాయంత్రం వాగు ఒడ్డుకు పోతే వాడు లెవెల్ దగ్గర కనిపించాడు. ఏడో కార్డు చేతిలో పట్టుకున్నాడు. దుర్భిణిలో చూస్తాడు, కార్డు చూస్తాడు, మళ్ళీ దుర్భిణి. ఎన్నిసార్లో లెక్కపెట్టడం నేనే మానేశాను. చివరికి రీడింగు చెప్పి, కార్డు తిప్పి సరిచూసుకుని, తనలో తనే నవ్వుకున్నాడు. నా క్లాసులో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. ఒక్క సంగతి పదిసార్లు చెప్పమని నన్నడిగే ధైర్యం వాడికెక్కడిది? అడిగితే రెండోసారికే నేను కసిరేవాణ్ణి. అట్టముక్క కసరదు. మీ ట్యుటోరియళ్లను తిట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నేను మాత్రం ఆ రోజు గుర్తుపెట్టుకోలేదు. కడుపు మంటతో ఇంటికొచ్చాను.

ఆ వారమే నా జట్టుకు మొదటిసారి లెవెల్ చేతికొచ్చింది. అప్పటిదాకా ఉన్నవి రెండే లెవెళ్లు. ఒకటి కార్డులవాళ్ల దగ్గర, రెండోది సాయిబు మామ గుడ్డ మీద విప్పి ఉంది. అయితేనేం, నా వాళ్లకు సిద్ధాంతమంతా నోటికొచ్చు. షెడ్డు గుమ్మం మెట్టు దగ్గర మొదలుపెట్టి, లెవెల్ తీసుకుంటూ షెడ్డు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, మళ్ళీ అదే మెట్టు దగ్గరికి రమ్మన్నాను. క్రోసూరు నుంచి వచ్చిన రైతుబిడ్డ ఒకడు మా జట్టుకు నాయకుడు. నోట్సులో కామా కూడా వదలని మనిషి. లెక్క కట్టి వాడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎంతొచ్చిందిరా తేడా?"

"మూడడుగుల పైన సార్."

"మెట్టు మూడడుగులు లేచిందా?"

"లెక్క ప్రకారం లేచింది సార్" అన్నాడు వాడు, ఎంతో వినయంగా.

నేను చిందులు తొక్కాను. మళ్ళీ తీయించాను. ఈసారి మెట్టు రెండడుగులు కుంగింది. షెడ్డు గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్న సాయిబు మామ ఇక తట్టుకోలేకపోయాడు. కార్డుల జట్టుతో మాట్లాడకూడదన్నారు గాని, నాతో మాట్లాడొద్దని ఎవరూ అనలేదు.

"సారూ, మీరు బోర్డు మీద కర్రను ఎట్టా గీశారు?"

"నిలువుగా. ఎట్టా గీస్తారు మరి?"

"దుర్భిణిలో లోకం తలకిందులుగా గదా కనపడేది! అంకెలు పైనించి కిందికి పెరుగుతయ్. మీ వోళ్లు కిందినించి పైకి చదువుతన్నారు. ఏడో కార్డు మీద ఆ బొమ్మే ఉండాది."

ఆ రోజుల్లో దుర్భిణిలో బొమ్మ తలకిందులుగానే కనిపించేది. కాలేజీలో నేర్చుకున్నప్పటి నుంచీ నాకది ఎంత అలవాటైపోయిందంటే, చెప్పాల్సిన విషయమనే తోచలేదు. దాదాపు రెండు నెలలుగా మూడు రంగుల్లో నేను ముచ్చటగా గీసిన కర్ర, దుర్భిణిలో ఎవరికీ ఎప్పుడూ కనపడని కర్ర. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా వాళ్ల విషయంలో కాదు, నా విషయంలోనే నిజమైంది.

మర్నాడు పొద్దున్నే నా జట్టును షెడ్డు బయట వరసగా నిలబెట్టాను. కర్రను యాభై అడుగుల దూరంలో నిలబెట్టించి, అందర్నీ వెనక్కి తిరిగి, నడుం వంచి, కాళ్ల సందులోంచి దాన్ని చదవమన్నాను. ముందు నేనే వంగాను. ఇరవై మంది పంచెలు ఎగ్గట్టి వంగారు. అప్పుడే ప్యాసింజరు దిగిన జనం మూటలు దించి మరీ చూశారు. ఒక ముసలాయన "ఏందయ్యా ఇది, కొత్త మతమా?" అని అడిగాడు. ఎవరెన్ని నవ్వుకున్నా సరే, మూడు రోజుల్లో నా వాళ్లు తలకిందులు కర్రను నీళ్లలా చదివేశారు. నాలో మళ్ళీ ఆశ పుట్టింది. గెలుస్తాం, గెలిచి తీరతాం అని నాకు నేనే చెప్పుకుంటూ తిరిగాను.

పందెం రోజు వచ్చింది. తెల్లారేసరికే స్టేషన్ దగ్గర మనుషులు మూగారు. టీ కొట్టువాడు బల్ల రోడ్డు దాకా జరిపాడు. చీట్లు వేసి జట్టుకు నలుగురిని తీశారు. కార్డుల జట్టులో లెవెల్ చదివేవాడు దాచేపల్లి మనిషి. నా జట్టులో క్రోసూరువాడు. ఇ.ఇ. గారు గడియారం తీసి నన్నూ సాయిబు మామనూ చూశారు.

"మీరిద్దరూ వెంట నడవొచ్చు. ఎవరి జట్టుతోనూ ఒక్క మాట మాట్లాడటానికి వీల్లేదు. మాట్లాడారని తెలిసిందా, ఊరుకోను."

కార్డులవాళ్లు ముందు బయల్దేరారు. మావాళ్లు అరగంట వెనక.

కార్డులవాళ్ల చేతివాటం చూడాలి! స్టాండు పెట్టడం, తొక్కడం, బుడగ నడిమికి తేవడం, చదవడం, రాయడం, ఎత్తడం. మాటా పలుకూ లేదు. ఒకడు ఎత్తుతుంటే ఇంకొకడు పరిగెత్తుతున్నాడు. వాళ్లు వాగు దాటేసరికి మావాళ్లు వాగు ఇవతల నిలబడి, ఎండకు నాపరాళ్ల మీద గాలి వణుకుతోంది గనక దూరం తగ్గించాలా వద్దా అని వాదించుకుంటున్నారు. తగ్గించాలన్నది నిజమే. నేను చెప్పిందే. కాని ఆ వాదన పావుగంట సాగింది. మాట్లాడకూడదు గనక నేను పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాను. ఇక చూడలేక ముందుకు నడిచి కార్డులవాళ్లను అందుకున్నాను.

వాళ్లు అప్పటికే బండ దాకా పోయి తిరుగుదారి పట్టారు. సగం దారిలో ఉన్నారు. దాచేపల్లివాడు వెనక రాయి మీది కర్రను చదివాడు. "నాలుగు ముప్పై ఏడు" అని అరిచాడు, పక్కవాడు రాసుకున్నాడు. కర్ర పట్టుకున్నవాడు ముందు రాయి దగ్గరికి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే గట్టు మీది నుంచి గొర్రెల మంద దిగింది. దాని వెనక కర్ర ఊపుకుంటూ ఓ అవ్వ. కార్డులవాళ్లు అదిలిస్తే మంద చీలింది. ఒక పొట్టేలు మాత్రం తిన్నగా వచ్చి స్టాండు కాలును ఒరుసుకుంటూ పోయింది. నాపరాయి మీద కాలు జారి, లెవెల్ ఒక పక్కకు ఒరిగింది.

"దార్లో మూడుకాళ్లదాన్ని నిలబెట్టి నా గొర్రెల్ని అదిలిత్తారేందయ్యా!" అని అవ్వ మా అందరికీ కలిపి చీవాట్లు పెట్టింది.

దాచేపల్లివాడు స్టాండును పట్టుకుని నిలబెట్టాడు. బుడగ నడిమి నుంచి తప్పిందని చూశాడు. ఆరో కార్డు: బుడగ తప్పితే మరలు తిప్పి నడిమికి తెండి. తెచ్చాడు. ఎంత చక్కగా తెచ్చాడో! తర్వాత ముందు రాయి మీది కర్ర వైపు దుర్భిణి తిప్పాడు, కన్ను ఆనించాడు.

బుడగ నడిమికొచ్చింది, నిజమే. కాని జారిన కాలు జారిన చోటే ఉంది. దుర్భిణి ముందున్న ఎత్తులో లేదు. మొదటి రీడింగు పాత ఎత్తులో, రెండోది కొత్త ఎత్తులో. ఈ రెండిటికీ తేడా తీస్తే వచ్చేది గాలి లెక్క. ఏ కార్డులోనూ పొట్టేలు లేదు.

సాయిబు మామ వైపు చూశాను. ఆయన మొహం ఎర్రగా అయింది. పెదాలు బిగబట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పందెం గుర్రంలా అటూ ఇటూ కదులుతున్నాడు. నా దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: "చూశారుగా సారూ. గమ్మునుంటే మీ క్లాసు నిలబడద్ది. ఏం మాట్టాడబాకండి. మీ ఇష్టం మరి." చెప్పి మొహం తిప్పుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. ఆరు వారాలు కళ్ల ముందు పెరిగిన జట్టు అది.

గమ్మునుందామనే అనుకున్నాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఊపిరి రెండుసార్లు పీల్చేంతసేపు గమ్మునే ఉన్నాను. గుంటూరు డ్రాయింగు ఆఫీసు బల్ల నా కళ్ల ముందు కనిపించింది. ఆ వెంటనే, వారం తిరక్కుండా వీడే కాలవ మీద నిలబడి ఇలాగే చదువుతాడన్న సంగతి కూడా కనిపించింది. వాడు దుర్భిణిలోంచి తల ఎత్తి అంకె చెప్పబోతుండగా నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

"ఒరేయ్, ఆగు! వెనక రాయి మీద ఎంత చదివావు?"

వాడు బెదిరిపోయి నా వైపు చూశాడు. ఆఖరి బెంచీలో తల వంచుకునే ఆ చూపే.

"నాలుగు ముప్పై ఏడు సార్."

"ఇప్పుడు మళ్ళీ చదివితే ఎంతొస్తుంది?"

"అంతే వస్తది గదా సార్. రాయి కదల్లేదు."

"చదివి చెప్పు."

కర్రను వెనక్కి రప్పించాడు. రాయి మీద సుద్ద గుర్తు ఇంకా ఉంది. చదివాడు. తల ఎత్తి, కళ్లు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"నాలుగు పన్నెండు సార్." జారిన కాలు చూశాడు, రాయి చూశాడు, మళ్ళీ కాలు చూశాడు. ఉన్నట్టుండి ఎగిరి గంతేశాడు. "దిగింది మనం సార్! రాయి కాదు, మనమే దిగాం! అందుకే, అందుకే రెండూ ఒక్క నిలకడలోనే చదవాలా! రెండు తడవలు చదివేది అందుకా సార్!"

నేను నెల రోజులు బోర్డు మీద ఇదే చెప్పాను. వాడికి అప్పుడు తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది, తెలియడమంటే ఎలా ఉంటుందో. ఆ ఎండలో ఆ గొర్రెల దుమ్ములో వాడితో పాటు నేనూ ఒక గంతేశాను. నా క్లాసు మునిగిందన్న సంగతి గంతేసిన తర్వాత గుర్తొచ్చింది.

కార్డుల జట్టు పదకొండు గంటలకే గుర్తురాయి చేరింది. తేడా, అడుగును నూరు భాగాలు చేస్తే అందులో మూడు. నా జట్టు గంట తర్వాత వచ్చింది. తేడా అయిదు. మావాళ్లూ బాగానే చేశారు, కాని ఓడాం. టీ కొట్టు దగ్గర ఈలలు.

ఇ.ఇ. గారు ఏదో అనబోతుంటే సాయిబు మామ ముందుకొచ్చాడు. గొర్రెల సంగతి, నా ప్రశ్న సంగతి, అన్నీ చెప్పేశాడు. ఆరు వారాలు బిగబట్టిన నోరు, తెరిస్తే ఆగలేదు. ఇ.ఇ. గారు నా వైపు తిరిగారు.

"మాట్లాడొద్దన్నానా లేదా?"

"అన్నారు సార్. అడక్కుండా ఉండలేకపోయాను."

ఆయన కాసేపు టోపీ తీసి విసురుకున్నారు. "పోయిందేముంది. ఆ సంగతి కార్డుల్లో లేదు, అంతేగా. రాసియ్యి. ఇరవై ఐదో కార్డు. సాయంత్రం నాలుగింటికి తెచ్చి నా చేతికియ్యి. అది పనిచేస్తే ఇక నీతో అవసరం ఉండదు."

నా చేత్తోనే నా ఉద్యోగానికి నీళ్లొదలమంటున్నాడాయన. షెడ్డులో కూర్చుని రాశాను. సరిగా రాయకుండా ఎగ్గొడదామా అన్న ఆలోచన రాలేదని చెబితే నమ్మకండి, వచ్చింది. కాని వాడి గంతు కళ్ల ముందు కదులుతుంటే వంకర రాయడానికి చెయ్యి రాలేదు. శుద్ధంగా రాశాను: రెండు రీడింగుల మధ్య లెవెల్ కదిలితే, బుడగ సరిచేసి, వెనక రాయి నుంచి మళ్ళీ చదవండి. కింద బొమ్మ వేశాను. పొట్టేలును కూడా గీశాను.

నాలుగింటికి ఇ.ఇ. గారు ఆ కార్డును క్రోసూరువాడి చేతికిచ్చి లెవెల్ తీయమన్నారు. వాడు చదువుతుంటే ఆయనే వచ్చి స్టాండు కాలును తన్నారు. వాడు కార్డు చూశాడు, వెనక రాయి మళ్ళీ చదివాడు. సరిగ్గా చేశాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

వాడు ముందు రాయిని చదివి, లెవెల్ భుజానేసుకుని ఇంకాస్త ముందుకు పోయాడు. ఇక అక్కడ నిలబెట్టి, ఇప్పుడు చదివిన ఆ రాయినే మళ్ళీ చదవాలి. వాడు వీపు తిప్పి నడుస్తుండగా ఇ.ఇ. గారు ఆ రాయిని బూటుతో అదిమి మట్టిలోకి దించారు. అది దిగడం అందరికీ కనిపించింది, కర్ర పట్టుకున్నవాడికి కూడా. క్రోసూరువాడు లెవెల్ నిలబెట్టాక కర్ర పట్టుకున్నవాడు అరిచాడు: "ఒరేయ్, రాయి దిగిందిరా!"

క్రోసూరువాడు కార్డు తీసి చదివాడు. "లెవెల్ కదిలితేనే మళ్ళీ చదవమన్నారు. లెవెల్ కదల్లేదు గదా" అన్నాడు. దిగిన రాయికి పాత ఎత్తే పెట్టుకుని చదివేసి, అంకె రాసేసుకున్నాడు. నా నోట్సులో కామా కూడా వదలని మనిషి!

ఇ.ఇ. గారు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వడం మేము చూడటం అదే మొదలు. "ఇరవై ఆరో కార్డు రాస్తావా?" అన్నారు నాతో.

"రాస్తాను సార్" అన్నాను నేను.

"రాసుకుంటా పోతే పెట్టెకి లారీ కావాల సార్" అన్నాడు సాయిబు మామ.

అక్కడే నిలబడి ఆర్డరు వేశారు. పొద్దుటిపూట నలభై మందికీ కార్డులు, లెవెళ్లు, సాయిబు మామ. సాయిబు మామ నోరు తెరవొచ్చు. మధ్యాహ్నం నా క్లాసు. క్లాసులో నోట్సు చెప్పించడం బంద్. పొద్దున ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో అడగడమే నా పని. "నువ్వు మళ్ళీ పుస్తకం చూసి రాయించడం నా కంట పడిందా, మూసేస్తాను" అన్నారు. ఆర్డరు ప్రకారం క్లాసు ఆరు నెలలూ నడుస్తుంది.

నేను నడవలేదు, పరిగెత్తాను. షెడ్డులో కూర్చున్న వాళ్ల ముందు నిలబడి, ఒగురుస్తూ, "మన క్లాసు ఉందిరా! ఆరు నెలలూ ఉంటుంది!" అని అరిచాను.

అందరూ ఒక్కసారిగా ఉసూరుమన్నారు. పాపం, కార్డులతో ఇక్కడి పని తేలిపోయి వచ్చే వారమే కాలవ మీద ఉద్యోగాల్లో చేరతామని మూటలు కట్టుకుని ఉన్నారు. నా సంతోషం వాళ్లకు శిక్ష అని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఒక్కొక్కరే లేచి మొహాలు వేలాడేసుకుని వెళ్లిపోయారు.

దాచేపల్లివాడొక్కడే గుమ్మం దగ్గర ఉన్నాడు. లెవెల్ భుజాన ఉంది.

"సార్, మన కాలు జారితే మనం దిగినట్టు, సరే. మనం నడిచే లోపల రాయే దిగిందనుకోండి. అప్పుడేం చెయ్యాల?"

చెప్పడానికి నోరు తెరిచాను. సుద్దముక్క కోసం జేబులోకి చెయ్యి పోయింది. ఆపుకున్నాను.

"నువ్వేం చేస్తావు?" అన్నాను.

వాడు తల వంచుకోలేదు. లెవెల్ భుజం మార్చుకుని, "ఏమో సార్. పోయి ఒక రాయిని దించి చూద్దామా?" అన్నాడు.

ఇద్దరం కలిసి వాగు వైపు నడిచాం.